మా సైటు మట్టిలో రాతినార

చిన్నప్పుడు సాంఘికంలో ఒక మార్కు ప్రశ్న తప్పకుండా వచ్చేది. రాతినార దొరకు ప్రాంతమేది? జవాబు పులివెందుల. మాది ఆ పక్క పల్లే కాబట్టి మా బడిలో ఆ మార్కు ఎవరికీ పోయేది కాదు. రాతినార అంటే ఏమిటని మేము అడగలేదు, సారూ చెప్పలేదు. ఇంగ్లీషులో ఆస్బెస్టాస్ అనేది అదేనని, మా ఇంటి మీదున్న సిమెంటు రేకుల్లో ఉన్నది అదేనని తెలిసేసరికి నాకు నలభై మూడేళ్ళు వచ్చాయి. అప్పుడు నేను బెంగళూరులో, మేం కొనుక్కున్న థర్టీ ఫార్టీ (ముప్పై అడుగులకు నలభై అడుగుల) సైటు మధ్యలో, విరిగిన రేకు ముక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను.

సైటు రామమూర్తి నగర్ దాటి లోపలికి పోతే వస్తుంది. అమ్మినాయన అక్కడ షెడ్డు వేసి పాత సీసాల గోడౌను నడిపేవాడు. "షెడ్డు నేనే తీయించి, చదును చేసి ఇస్తాను, మీకెందుకు శ్రమ" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాం. జేసీబీ పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని వెళ్ళింది. బకెట్టుతో పైకప్పును ఒక్క పోటు పొడిచారు. ఇనుప గొట్టాలు పాత సామాన్ల వాడికి పోయాయి, మంచి ఇటుకలు ఇంకెక్కడికో పోయాయి, మిగిలినదంతా అక్కడే పరిచి, దాని మీద బండి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పారు. సాయంత్రం మేము వెళ్ళి చూసేసరికి సైటు అలికిన అరుగులా ఉంది. మొదటి వాన పడ్డాక ముక్కలు తేలాయి.

ఆ ముక్క అరచేతిలో సగం ఉంటుంది. పై వైపు పాచి పట్టి నల్లగా, కింది వైపు బూడిద రంగు, రేకు వంపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. విరిగిన అంచు మీద ఫోను టార్చి వేసి చూస్తే తెల్లటి నూగు, ముసలివాళ్ళ చెవుల మీద ఉండేలాంటిది. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళకు ఇలాంటి ముక్కనే బండ మీద అరగదీసి గుండ్రంగా చేసేవాళ్ళం. పెంకు కన్నా ఇది బాగా జారేది, అందుకని దీనికే గిరాకీ. అరగదీసిన పొడిని ఉఫ్ అని ఊదేవాళ్ళం.

ఇక్కడ ఒక మాట. కంటికి కనపడే ఆ నూగు ఒక్కొక్కటీ ఒక కట్ట. ఊపిరితిత్తుల్లోకి దిగేది కంటికి ఆనదు. మైక్రోస్కోపు కింద లెక్కకు తీసుకునే పోగు 3 మైక్రాన్ల కన్నా సన్నం, 5 మైక్రాన్ల కన్నా పొడుగు. తల వెంట్రుక 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ పోగు కాలదు, కుళ్ళదు, నీళ్ళలో కరగదు. మట్టిలో పడితే మట్టి దాన్ని ఏమీ చేయలేదు. ఇంకోటి, రేకును చూసి అందులో రాతినార ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, ఇప్పుడు ఇతర నారలతో చేసిన రేకులూ వస్తున్నాయి. మేము ఒక ముక్క తడిపి, రెండు జిప్ కవర్లలో ఒకదాంట్లో ఒకటి పెట్టి ల్యాబుకు పంపాం. పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపు కింద చూసి క్రిసోటైల్ అని రాసిచ్చారు. అంటే తెల్ల రాతినార. మిగతా రకాల కన్నా ఇది మెత్తనిదని అమ్మేవాళ్ళు చెప్తుంటారు గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ అన్ని రకాల రాతినారనూ ఒకే వరసలో, క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వరసలో, పెట్టింది.

మా మామగారికి ఈ గొడవంతా విడ్డూరం. ఆయన రిటైరైన దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఎందరి పొలాలకో హద్దుల చెక్కుబందీలు రాసిన మనిషి. "నలభై ఏండ్లు రేకుల కింద పడుకున్నాం. మీ అత్త వాటి మీదనే వడియాలు ఎండబెట్టె. ఎవరికేమైందమ్మా?" అన్నారు.

ఆయన మాట సగం నిజం. విరగని రేకులో నారను సిమెంటు పట్టుకుని ఉంటుంది. కింద పడుకున్నంత మాత్రాన అది ఎగిరొచ్చి ముక్కులో దూరదు. రెండో సగంతోనే నాకు పేచీ. రాతినార తెచ్చే జబ్బులు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు ఆగి బయటపడతాయి. మీసోథెలియోమా అనే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. మా ఊళ్ళో ఆయాసంతో పోయినవాళ్ళలో ఏ ఆయాసం దేని వల్ల వచ్చిందో ఎవరు చూశారు? చూడనిదాన్ని లేదు అనడం దస్తావేజు రాసే మనిషికి తగదని నేనంటే ఆయన నవ్వి ఊరుకున్నారు.

అమెరికాలో ఉన్న నా స్నేహితురాలిది ఇంకో కొస. ఫోటో చూడగానే, "వెంటనే అమ్మెయ్. లేకపోతే ఆ మట్టంతా తవ్వించి పారేయించు" అంది. ఎవరికి అమ్మాలి? ఎక్కడ పారేయాలి? ఈ రెండు ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు, ఆమె దగ్గరా లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మట్టిలోంచి రాతినారను "తీసేయడం" అని మనం సులువుగా అనేస్తాం. చాలాసార్లు అది ఒక చోటి నుంచి తీసి మనకన్నా నోరులేని వాళ్ళ ముంగిట పోయడమే. పోసే దారిలో పోగులు లేపడం అదనం.

మా మేస్త్రి మంచి పనిమంతుడు. సమస్య చెప్పగానే ఉపాయం చెప్పాడు. "ఇసుక జల్లెడ తెప్పిస్తానక్కా. మట్టంతా జల్లిస్తే ముక్కలన్నీ పైన నిలబడతాయి. రెండు రోజుల పని." వింటే ఎంత బాగుంది! పొడి మట్టిని, అందులోని సిమెంటు ముక్కల్ని, జల్లెడ మీద వేసి రోజంతా ఊపడం. జేసీబీ మిగిల్చిన పనిని అది పూర్తి చేస్తుంది. చీపురు కూడా అంతే. గాలి కొట్టే మిషను, ప్రెషర్‌తో నీళ్ళు కొట్టే పైపు, అన్నీ ఆ జాతివే. శుభ్రం అంటే మనకు ఊడ్వడం, దులపడం, కడగడం. రాతినార దగ్గర ఈ మూడూ చేయకూడదు.

మేస్త్రితో కదిరి వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు పనిలో ఉండేవాళ్ళు. నేను వెళ్ళేసరికి ఆమె కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, వట్టి చేతులతో ముక్కలు ఏరి తట్టలోకి విసురుతోంది. విసిరిన ప్రతిసారీ తట్టలో ఠక్కుమని ఇంకో విరుగు. ఆపమన్నాను. "ఇంటి మీద రేకే కదక్కా, పామా, తేలా?" అంది. ఆమెకు నచ్చచెప్పేలా ఒక్క మాటా నాకు తోచలేదు. ఆ వారం కూలి ఇచ్చి వాళ్ళను వేరే సైటు పనికి పంపించాం. అక్కడ ఏ రేకులు పగలగొడుతున్నారో నాకు తెలియదు. ఈ కథలో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

కొంగు, చేతి రుమాలు, ఆసుపత్రుల్లో కట్టుకునే నీలం మాస్కు, ఇవేవీ ఈ పోగును ఆపవు. ఎఫ్ఎఫ్‌పి3 గాని, పి100 గాని, ఆ తరగతి మాస్కు కావాలి. అదీ ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. మా ఆయన ఆ నెలలో తిరుమల మొక్కుతో గడ్డం పెంచుతున్నారు. తీయనంటే తీయనన్నారు. సరే, గేటు బయట కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నేను, మా మరిది లోపలికి దిగాం.

దిగడానికి ముందు కొన్నాళ్ళు ఆగాం. ముక్కలు తేలేసరికి ఆషాఢం. బెంగళూరు ఆషాఢం గాలి తెలిసినవాళ్ళు ఆ నెలలో పొడి మట్టి ముట్టుకోరు. సైటు మీద టార్పాలిన్ కప్పి, ఇటుకలు బరువు పెట్టి, రెండు నెలలు ఆగాం. కొన్నాక అన్ని రోజులు ఊరికే ఉంచడానికి అందరూ గొణిగారు. ఆ ఆగడమే మేము చేసిన పనుల్లో మంచిదని ఇప్పుడు అనిపిస్తుంది.

పని చేసిన తీరు చెప్తాను. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో ఇలాంటి సైట్లకు పెట్టుకున్న పద్ధతులు చదివి, మా చేతనైనంత పాటించాం. పురికొసతో సైటును మీటరు గళ్ళుగా కట్టాం. తెల్లవారుజామున, గాలి లేవకముందు, చెట్లకు మందు కొట్టే స్ప్రేయరుతో సన్నగా నీళ్ళు చల్లాం. నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపితే నీరు జారిపోకుండా నారలోకి ఇంకుతుంది. బురద కాకూడదు, తడి ఆరకూడదు. ఒక్కో గడిలో కూర్చుని కనపడిన ముక్కను వేళ్ళతో మెల్లగా పైకి తీసి మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టాం. విసరలేదు, తొక్కలేదు. సంచి సగం కన్నా నింపలేదు, మూతి మెలిపెట్టి మడిచి టేపు చుట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ టేపు. పైన మార్కరుతో తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో రాశాం. తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఇంకోసారి. ఒక వైపు నుంచి చూసినప్పుడు మట్టిలో కలిసిపోయిన ముక్క రెండో వైపు నుంచి ఠక్కున కనపడుతుంది, ఎండ పడే కోణం మారుతుంది కాబట్టి. ఒంటి మీద ఒకసారికే పనికొచ్చే తెల్లటి కవరాల్, పని కాగానే తడిపి విప్పి అదీ సంచిలోకే. మాస్కు అన్నిటికన్నా ఆఖర్న. ఆ బట్టలు ఇంటికి తేలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే భర్తల బట్టలు దులిపి ఉతికిన పాపానికి ఈ జబ్బు తెచ్చుకున్న ఇల్లాళ్ళ కథలు చాలా దేశాల్లో ఉన్నాయి.

ఇది చదివి ఎవరైనా దేనికి పడితే దానికి దిగుతారేమో, అందుకే చెప్తున్నా. మాది సిమెంటులో బిగుసుకున్న నార, పైపైన ఉన్న ముక్కలు. పాత బాయిలర్లకు, గొట్టాలకు చుట్టిన మెత్తటి నార, చేత్తో నలిపితే పొడయ్యేది కనపడితే మన లాంటివాళ్ళు ఆ ఛాయలకే పోకూడదు.

మొదటి విడతలో 11 కిలోలు వచ్చాయి. రెండోసారి 4. పది రోజుల తర్వాత వాన కురిసి వెలిసింది, వెళ్ళి చూస్తే మళ్ళీ 3 కిలోలు తేలాయి. వేరుశెనగ పెరికిన చేలో వాన పడితే పరిగె కాయలు తేలినట్టు. మొత్తం 18.

నేను బడిలో లెక్కలు చెప్తాను, కాబట్టి ఈ 18తో ఒక ఆట ఆడాను. పశ్చిమ ఆస్ట్రేలియా ఆరోగ్య శాఖ పెట్టుకున్న గీత ప్రకారం ఇళ్ళు కట్టే నేలలో, ఇలా సిమెంటుతో కలిసి ఉన్న రాతినార, మట్టి బరువులో 0.01 శాతం దాటకూడదు. రేకులో 15 శాతం నార ఉందని అక్కడ లెక్క కడతారు. అంటే మా 18 కిలోల రేకులో 2.7 కిలోల నార. ముక్కలు దొరికింది సగం సైటులో, సుమారు 55 చదరపు మీటర్లు. ముప్పై సెంటీమీటర్ల లోతు మట్టిని లెక్కలోకి తీసుకుంటే 26 టన్నుల పైచిలుకు. భాగిస్తే సరిగ్గా గీత మీదికి, 0.01 దగ్గరికి వస్తుంది. అదే పది సెంటీమీటర్ల లోతే తీసుకుంటే 0.03. మూడింతలు ఫెయిలు. ముక్క ఒక్కటీ కదల్లేదు, నేను లోతు మార్చానంతే. పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టి "సగటున పాస్" అనే వాళ్ళను ఎంత లోతు మట్టిని కలిపారని అడగండి. అందుకే కాబోలు, ఆ పద్ధతిలోనే ఇంకో షరతు ఉంది. పైన పది సెంటీమీటర్లలో కంటికి కనపడే ముక్క ఒక్కటీ ఉండకూడదు. సగటు కన్నా నాకు ఈ షరతు మీదే గురి.

షెడ్డు ఉన్న వాయవ్యంలో రెండు చోట్ల, మిగతా మూలల్లో నాలుగు చోట్ల, తడిపి మూర దాటి గుంటలు తీసి చూశాం. వాయవ్యంలో మూరెడు దాకా ముక్కలున్నాయి. దాని కింద ఎవరూ ముట్టని ఎర్రమట్టి, రంగులోనే గీత గీసినట్టు తేడా తెలిసింది. మిగతా మూలల్లోని నాలుగు గుంటల్లోనూ ఏమీ లేదు. సంపు తవ్వేది ఈశాన్యంలో కాబట్టి ఆ మట్టికి భయం లేదు. "వాస్తు ఊరికే పెట్టలేదు" అన్నారు మామగారు. ఈ ఒక్కసారికి ఒప్పుకున్నాను.

వాయవ్యాన్ని ఏం చేయాలి? కాంట్రాక్టరు ఇచ్చిన ధర ఒకటుంది. మూరెడు మట్టి తవ్వి, టిప్పర్లలో ఎత్తి, కొత్త మట్టి నింపుతాడట. ఎక్కడ పోస్తావని అడిగితే "అది మీకెందుకు మేడం, రాత్రిపూట పోతుంది" అన్నాడు. బెంగళూరులో రాత్రిపూట పోయే మట్టి ఎక్కడికి పోతుందో ఏ చెరువు గట్టు మీద నడిచినా కనపడుతుంది. పొద్దున్నే ఆ కుప్పల మీద మేకలుంటాయి, పిల్లలుంటారు. కొన్నాళ్ళకు దాన్నే ఇంకెవరో "ఫిల్లింగుకు ఫ్రీ డెబ్రిస్" అని లోడు తెప్పించుకుని తమ సైటులో పోయించుకుంటారు. మా సైటుకు వచ్చిన కష్టం అలాగే ఊరంతా తిరుగుతుంది.

ఇది మన దగ్గరి అలసత్వమే అనుకోనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో గూర్ అనే ఊళ్ళో 1935 నుంచి 1974 దాకా రాతినార సిమెంటు ఫ్యాక్టరీ చెత్తను ఇళ్ళ ముంగిళ్ళు, బండ్ల బాటలు గట్టిపరచడానికి వాడారు. ఊరికే దొరికేది కదా, ఎవరు వద్దంటారు? దశాబ్దాల తర్వాత ఆ ఫ్యాక్టరీ గడప కూడా తొక్కని ఆడవాళ్ళకు మీసోథెలియోమా వచ్చింది. 2024 జనవరిలో సిడ్నీలో కొత్తగా తెరిచిన రోజెల్ పార్కులో చెట్ల మొదళ్ళకు పరిచిన చెక్కపొట్టులో రాతినార ముక్కలు దొరికాయి. వెతుక్కుంటూ పోతే డెబ్బైకి పైగా చోట్ల తేలింది. రాతినారను 2003 ఆఖరుకే పూర్తిగా నిషేధించిన దేశం అది. ఒకసారి చెత్తలో కలిసిందంటే రీసైక్లింగు పేరుతో ఎక్కడైనా తేలుతుంది. మనమో, తవ్వకం ఆపాం గాని దిగుమతి ఆపలేదు. రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి వస్తూనే ఉంది, కొత్త రేకులు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఇక మా సంచుల సంగతి. మొత్తం ఏడు సంచులు నాలుగు నెలలు సైటు మూల నీలం డ్రమ్ముల్లో ఉన్నాయి. చెత్తబండి వాడు తీసుకోలేదు, న్యాయమే. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబరిచ్చారు, వాళ్ళు మొదటి ఆఫీసు నంబరే ఇచ్చారు. ఒక ఆటో ట్రాలీ అతను "ఐదొందలివ్వండి, మాయం చేస్తా" అన్నాడు. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే స్థలం దాబస్‌పేట దగ్గర ఉంది. అది ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు, ఏడు సంచుల ఇంటావిడ అక్కడికి ఏ దారిన పోవాలి? చివరికి మా మరిది స్నేహితుడి ఫ్యాక్టరీలో పాత పైకప్పు మారుస్తుంటే, వాళ్ళు కాగితాలన్నీ చేయించుకుని అక్కడికి పంపే లోడులో మా సంచులను కూడా రాయించి ఎక్కించారు. అది అదృష్టం, ఏర్పాటు కాదు. వార్డుకు ఒకచోట ఇలాంటి సంచులు దించుకునే గది పెట్టి, లోడు నిండాక పంపితే ఎంత ఖర్చవుతుంది? జనాన్ని భయపెట్టే పోస్టర్ల కన్నా ఆ గది ఎక్కువ పనిచేస్తుందని నా వాదన. పెట్టే చోటు లేనప్పుడు జాగ్రత్తగా ఏరమని ఎవరికి చెప్తాం?

ఇంత తంటా లేకుండా పోయే ఘడియ ఒకటి ఉండింది. షెడ్డు విప్పేరోజు రేకులను తడిపి, జే-బోల్టులు ఊడదీసి, ఒక్కొక్కటే తాడు కట్టి దించి, ప్లాస్టిక్ చుట్టి ఉంటే నలుగురు మనుషులకు ఒక రోజు పని. బకెట్టు పోటుకు పది నిమిషాలు.

మట్టిని మేము తవ్వించలేదు. వాయవ్యం కారు నిలిపే చోటు చేశాం. కరివేపాకు, మునగ వేద్దామనుకున్న మడిని ఆగ్నేయానికి మార్చాను. తడిపిన నేల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద నారింజ రంగు ప్లాస్టిక్ వల వేశాం, రేపెవరైనా పార వేస్తే వల తగిలి ఆగుతారని. ఆపైన శుభ్రమైన మొరం, దాని మీద కాంక్రీటు. ఇది కప్పిపుచ్చడం కాదా అని నా స్నేహితురాలు అడిగింది. కప్పడమే. పుచ్చకుండా ఉండాలంటే రాసి పెట్టాలి. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల కేసులో తీర్పిస్తూ, ఒక్కో కార్మికుడి ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏళ్ళు దాచాలంది. మనిషికి నలభై ఏళ్ళ రికార్డు ఉండాలంటే, వాడికన్నా ఎక్కువ కాలం ఉండే మట్టికి ఎన్నేళ్ళది ఉండాలి?

కాగితం మామగారే రాశారు. నేను చెప్పిన మామూలు తెలుగు ఆయనకు ఆనలేదు. స్టాంపు పేపరు కాకపోయినా పచ్చకాగితం తెప్పించుకుని, కళ్ళజోడు సర్దుకుని, పాత పెన్నుతో మొదలుపెట్టారు. "సదరు స్థలమునకు వాయవ్య భాగమున, ఉత్తరపు ప్రహరీ నుండి దక్షిణముగా పదునైదు అడుగులు, పడమటి ప్రహరీ నుండి తూర్పుగా పన్నెండు అడుగుల మేర, నేలమట్టమునకు దిగువ నారింజ వర్ణపు వల క్రింద..." అక్కడ ఆగి తలెత్తి, "రేకుముక్కలని రాయమంటావా, రాతినార అని రాయమంటావా?" అని అడిగారు.

రెండూ రాయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు బీరువాలో సేల్ డీడు వెనకే ఉంది.